సినిమా బ్యాండుకీ వీధి బ్యాండుకీ తేడా ఎక్కడ మొదలైంది?

జనవరి మూడో వారం వస్తే చెన్నైలో కామరాజర్ సాలై మీద పొద్దున్నే రాకపోకలు మళ్లిస్తారు. గణతంత్ర దినోత్సవ కవాతుకు రిహార్సల్స్ మొదలవుతాయి. అక్కడ కాసేపు నిలబడి వింటే, సినిమాలో ఎన్నడూ వినపడనిది ఒకటి చెవిన పడుతుంది. ముందు వరసలోని ట్రాంబోన్లు, వెనక వరసలోని క్లారినెట్లు ఒకే క్షణాన ఊదినా మనకు ఒకేసారి వినపడవు.

శబ్దం సెకనుకు దాదాపు 343 మీటర్లు పోతుంది. రెండు మూడు బ్యాండ్లను కలిపి నడిపితే వరస పొడవు 40 మీటర్లు అవుతుందనుకుందాం. ఆ కొస నుంచి ఈ కొసకు శబ్దం రావడానికి సెకనులో తొమ్మిదో వంతు కావాలి. నిమిషానికి 120 అడుగుల కవాతు నడకలో ఒక్కో అడుగుకు దక్కేది అర సెకను. అంటే దాదాపు పావు అడుగు తేడా. అమెరికా ఫుట్‌బాల్ మైదానం నిడివి 100 గజాలు, అక్కడైతే ఈ తేడా సగం అడుగు దాటిపోతుంది. అందుకే బ్యాండులో చేరినవాడికి తొలి నెలలోనే ఒక నియమం ఒంటపట్టిస్తారు: దూరంగా ఉన్నవాడి శబ్దాన్ని పట్టుకుని వాయించకు, నీ వెనక మోగుతున్న డ్రమ్ముతో కలువు, బ్యాండు ముందు నడిచి నడిపించే డ్రమ్ మేజర్ చేతి కదలికతో కాలు కలుపు. ఇది రావడానికే నెలలు పడుతుంది. తెర మీద మాత్రం రెండు వందల మంది మైదానమంతా పరుచుకుని వాయించినా ఒక్క గొంతుతో పలికినట్టు పలుకుతారు. నడిచేవాళ్లు ఒకరు, ఎక్కడో గదిలో కూర్చుని వాయించేవాళ్లు మరొకరు కావడమే దీనికి కారణం. సినిమాలు బ్యాండు జీవితం గురించి చెప్పే అబద్ధాల్లో చాలావరకు ఈ ఒక్క విభజన నుంచే పుట్టాయి.

మన వైపు బ్యాండు కథ ఈ ఊళ్లోనే, ఫోర్ట్ సెయింట్ జార్జ్ దగ్గర మొదలవుతుంది. కంపెనీ పల్టన్లతో పాటే వాళ్ల బ్యాండ్లూ వచ్చాయి. డ్రమ్ము పని అప్పట్లో వినోదం కాదు. ఎప్పుడు లేవాలో, ఎంత వేగంతో నడవాలో, ఎప్పుడు ఆగాలో సిపాయికి డ్రమ్మే చెప్పేది. కోటకు ఉత్తరాన మనలిలో ఉన్న రోజుల్లో ముత్తుస్వామి దీక్షితులు ఆ ఇంగ్లీషు బాణీలు విని, శంకరాభరణ స్వరాల్లో వాటికి సంస్కృత సాహిత్యం కట్టారు. అవే నోట్టుస్వరాలు. ‘సంతతం పాహిమాం’ బాణీ బ్రిటిషు రాజగీతానిది. వీటిలో ముప్పైకి పైగా రచనలను సుబ్బరామ దీక్షితులు 1905లో తన ‘ప్రథమాభ్యాస పుస్తకము’లో తెలుగు లిపిలోనే అచ్చు వేయించారు. తంజావూరు కొలువులోనూ బ్యాండు ఉండేది. అక్కడి నుంచి జమీందార్ల ఇళ్లకు, ఆ తర్వాత పెళ్లి ఊరేగింపులకు ఈ వాద్యాలు చేరాయి. తెలుగు జిల్లాల్లో వాటిని చేతికి తీసుకున్నది ఎక్కువగా అప్పటికే సన్నాయి, డోలు వాయిస్తున్న మంగలి కుటుంబాలు. తెర మీద చాలాకాలం దాచిపెట్టిన సంగతి ఇదే. 2024లో వచ్చిన ‘అంబాజీపేట మ్యారేజి బ్యాండు’ ఆ కులవృత్తిని, దాని వెంట వచ్చే అవమానాన్ని కథ మధ్యలోకి తెచ్చింది. అంతకు ముందు పెళ్లి పాటల్లో బ్యాండువాళ్లు ఎర్రకోట్లు తొడుక్కున్న గుంపు మాత్రమే. వాళ్లకు పేర్లుండవు, ఇల్లుండదు.

మాట్లాడే సినిమా మొదలైన కొత్తలో పాటను కెమెరా ముందే పాడి రికార్డు చేసేవారు. వాద్యాలు కెమెరా కంటికి అందకుండా పక్కన ఉండేవి. ప్లేబ్యాక్ వచ్చాక ఆ బాధ తప్పింది, దానితో పాటు ఒక నిజం కూడా పోయింది. కోడంబాక్కం, వడపళని రికార్డింగ్ థియేటర్లలో తెలుగు పాటలు తయారైన దశాబ్దాల్లో ట్రంపెట్, ట్రాంబోన్, శాక్సఫోన్ కళాకారులు నొటేషన్ ముందు పెట్టుకుని కుర్చీల్లో కూర్చుని వాయించేవారు. వాళ్ల పనితనం గొప్పది, అందులో సందేహం లేదు. కానీ కూర్చుని ఊదే ఊపిరి వేరు, నడుస్తూ ఊదే ఊపిరి వేరు. షూటింగులో ఆ పాటను స్పీకర్లో పెడతారు, జూనియర్ ఆర్టిస్టులు చేతిలో వాద్యం పట్టుకుని ఊదినట్టు నటిస్తారు. తొంభైల తర్వాత కీబోర్డు, శాంపిళ్లు వచ్చి చాలా పాటల్లో ఆ కూర్చున్న మనుషులు కూడా మాయమయ్యారు.

నడుస్తూ ఊదడంలో కష్టమంతా పెదవి దగ్గర ఉంటుంది. మడమ నేలకు బలంగా తగిలితే ఆ అదురు వెన్ను మీదుగా మెడకు, మెడ నుంచి మౌత్‌పీస్‌కు చేరుతుంది. స్వరం వణుకుతుంది, ఇంకా గట్టిగా తగిలితే పెదవి పళ్లకు నొక్కుకుని చిట్లుతుంది. అందుకే ముందు మడమ ఆనించి, పాదాన్ని మెల్లగా వేళ్ల దాకా దొర్లించే నడక నేర్పుతారు. నేర్పే వరస కూడా పెద్దగా మారదు. మొదట నిలబడిన చోటే కదం తొక్కడం, తర్వాత వాద్యం లేకుండా నోటితో లెక్క చెబుతూ నడవడం, తర్వాత వాద్యం పట్టుకుని ఊదకుండా నడవడం, ఆ తర్వాత ఒకే స్వరం, చివరికి నాలుగు నాలుగు బార్ల (తాళావర్తనాల) చొప్పున పాట. మన సైనిక పద్ధతిలో అడుగు నిడివి 30 అంగుళాలు. అమెరికా మైదానాల్లో ఎక్కువమంది వాడేది ఐదు గజాలకు ఎనిమిది అడుగుల లెక్క, అంటే అడుగుకు ఇరవై రెండున్నర అంగుళాలు. మలుపు తిరిగేటప్పుడు లోపలి ఫైలువాడు (ఒకరి వెనక ఒకరు నడిచే వరసను ఫైలు అంటారు) దాదాపు ఉన్నచోటే తొక్కుతాడు, బయటి ఫైలువాడు అంగలు పెంచుతాడు. లోపలివాడు ఒక్క అడుగు తొందరపడితే వెనక నాలుగు వరసలు వంకర పోతాయి. ఈ వంకర సరిచేయడానికే రిహార్సల్లో సగం పొద్దు గడుస్తుంది. సినిమాలో అది ఒక పల్లవి పూర్తయ్యేలోపు అయిపోతుంది.

వరసల కూర్పు చూసినా సినిమా బ్యాండు దొరికిపోతుంది. బ్రిటిషు పద్ధతి నుంచి మనకు వచ్చిన బ్యాండులో ట్రాంబోన్లు అన్నిటికంటే ముందుంటాయి. ట్రాంబోను స్లైడు, అంటే ముందుకూ వెనక్కీ జరిపే గొట్టం, పూర్తిగా చాచితే ముందున్నవాడి వీపుకు తగులుతుంది కాబట్టి వాళ్ల ముందు ఎవరూ ఉండకూడదు. తెర మీద ట్రాంబోను అందం కోసం మధ్యలో, ఒక్కోసారి హీరో వెనకే ఉంటుంది. సైడ్ డ్రమ్ము పట్టీ కుడి భుజం మీదుగా వచ్చి, డ్రమ్ము ఎడమ కాలి పక్కన వాలి ఉండేది. ఆ వాలు వల్లే ఎడమ చేతి పుల్లను అరచేయి పైకి తిప్పి పట్టుకునే అలవాటు వచ్చింది. పాట కాగితం పోస్టుకార్డంత అట్ట మీద, వాద్యానికే బిగించిన క్లిప్పులో ఉంటుంది. ఈ క్లిప్పు ఏ పాటలోనూ కనపడదు. ఊదే గాలిలోని తడి గొట్టంలో చేరి గరగర మొదలైతే వాటర్ కీ నొక్కి నీరు వదలాలి. ఇదీ ఎవరూ చూపించరు.

అమెరికా సినిమాల వెనక చరిత్ర వేరు. అక్కడ కాలేజీ బ్యాండు మైదానంలోకి వచ్చి ఆకారాలు కట్టడం ఇరవయ్యో శతాబ్దం మొదట్లో మొదలైంది. 1907లో పర్‌డ్యూ విశ్వవిద్యాలయం బ్యాండు పి అక్షరం ఆకారంలో నిలబడింది. ఒంటి చుట్టూ చుట్టుకునే పెద్ద ఇత్తడి వాద్యం సూసాఫోన్ అంతకంటే పాతది. అమెరికా బ్యాండు నాయకుడు జాన్ ఫిలిప్ సూసా కోరిక మీద 1893లో వాద్యాలు చేసే పెప్పర్ కంపెనీ తయారుచేసింది. మొదట్లో దాని నోరు ఆకాశం వైపు ఉండేది. సూసా సొంత బ్యాండు వీధిలో నడిచింది చాలా అరుదు, అది ప్రధానంగా కచేరీ బ్యాండు. ఇత్తడి సూసాఫోన్ బరువు దాదాపు 13 నుంచి 16 కిలోలు. ఎడమ భుజం మీద మోయాలి. తెర మీద దాన్ని మోసేవాడు నవ్వుతూ గంతులేస్తుంటే, రెండు గంటల తర్వాత ఆ భుజం ఎలా ఉంటుందో ఊహించుకోండి.

సూసా బ్యాండులో ఫ్లూటు వాయించిన మెరెడిత్ విల్సన్ రాసిన ‘ది మ్యూజిక్ మ్యాన్’ 1962లో సినిమాగా వచ్చింది. సంగీతమే రాని ఒక మోసగాడు ఊళ్లో పిల్లలకు వాద్యాలు అమ్మి, మనసులో అనుకుంటే చాలు, పాట వచ్చేస్తుందంటాడు. కథలో అది మోసమే, కానీ చివర్లో పిల్లలు నిజంగానే కొత్త యూనిఫారాల్లో వీధిన ఊరేగుతారు. ఆ ఆఖరి కవాతులో కనిపించేది సదరన్ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం బ్యాండు, అంటే రోజూ సాధన చేసే బ్యాండు. సాధన చేసినవాళ్లను పెట్టి, సాధన లేకుండానే వచ్చేసినట్టు చూపించారు. బ్యాండు గురించి ప్రేక్షకుల్లో పాతుకుపోయిన పెద్ద అపోహ ఇదే. అన్నీ తెలిసిన విల్సన్ చేతి మీదుగా ఇది జరగడం మనసుకు కష్టంగా ఉంటుంది.

2002 నాటి ‘డ్రమ్‌లైన్’ చాలా మేలు. చెన్నైలో తెలుగు ఇళ్ల పిల్లలు స్కూలు బ్యాండులో చేరతామనడానికి ఇలాంటి సినిమాలే కారణమైతే సంతోషించాలి. నల్లజాతి విశ్వవిద్యాలయాల బ్యాండ్లలో పొద్దున్నే లేపడం, సెక్షన్ లీడర్ మాటకు ఎదురుండకపోవడం, ఒకరి కోసం అందరూ శిక్ష మోయడం, అంతా ఒక్క శబ్దంగా వినపడాలన్న పట్టు, ఇవన్నీ నిజానికి దగ్గరగానే ఉన్నాయి. స్వరం చదవడం రాని కుర్రాడు చిక్కుల్లో పడటం కూడా నమ్మదగినదే. తేడా కొట్టేది ఆఖరి పోటీలో. ఎదుటి జట్టు డ్రమ్ముల మీద పుల్లలు వేసి రెచ్చగొట్టడం తెర మీద వీరత్వం, బయట గొడవకు దారి. బ్యాండు జీవితంలోని చీకటి ఆ సినిమాలో పెద్దగా లేదు. 2011 నవంబరులో ఫ్లోరిడా ఏ అండ్ ఎం విశ్వవిద్యాలయం బ్యాండు డ్రమ్ మేజర్ రాబర్ట్ చాంపియన్, బస్సులో తోటి సభ్యులు ర్యాగింగ్ పేరుతో కొట్టిన దెబ్బలకు చనిపోయాడు. ఆ బ్యాండును 2013 దాకా నిలిపేశారు. క్రమశిక్షణ ఎక్కడ ఆగి హింస ఎక్కడ మొదలవుతుందో అడిగే సినిమా ఇప్పుడు రావాలి.

మన పెళ్లి బ్యాండు దగ్గరకొస్తే కష్టాలు వేరు. సంపాదనంతా ముహూర్తాల మీద. ఆషాఢంలో, శూన్యమాసాల్లో చేతిలో పనుండదు, చెన్నైలో తమిళుల మార్గళి నెల కూడా అంతే. యూనిఫారం కోటు ఎక్కువగా బ్యాండు యజమానిది, ఎవరు వస్తే వాళ్లు తొడుక్కుంటారు. సినిమాలో మాత్రం అందరికీ కొలతలు తీసి కుట్టినట్టుంటుంది. పాటలు చెవితో పట్టుకుంటారు, అక్కడా ఒక చిక్కుంది. గాయకుడు మూడు శ్రుతిలో పాడిన పాటను బి ఫ్లాట్ ట్రంపెట్‌కు, క్లారినెట్‌కు అలాగే దింపితే ఆరు షార్పులు వస్తాయి, వేళ్లకు కష్టం. రెండున్నర శ్రుతికి తగ్గిస్తే ఒక్క ఫ్లాటుతో పోతుంది. వీధిలో విన్న పాట సినిమాలో కంటే కాస్త కిందగా అనిపిస్తే ఇది కారణం కావచ్చు. ఎండ పెరిగేకొద్దీ గొట్టంలో గాలి వేడెక్కి శ్రుతి మళ్లీ పైకి పోతుంది. ట్యూనింగ్ స్లైడు బయటికి లాగుతూ ఉండాలి. తమిళుల ఐప్పసి నెల (అక్టోబరు, నవంబరు) వానల్లో తోలు డ్రమ్ములు మెత్తబడతాయి, ప్లాస్టిక్ తొడుగులు వచ్చాక ఆ ఇబ్బంది చాలా తగ్గింది.

దర్శకులు వీటిలో కొన్నిటినైనా ఖర్చు లేకుండా సరిచేయవచ్చు. బ్యాండు నడుస్తుండగా డ్రమ్ముల పక్కన ఒక మైకు, వరస చివర ఒక మైకు పెట్టి ఎనిమిది బార్లు రికార్డు చేసి పాటలో కలిపితే, వీధి వాసన వచ్చేస్తుంది. ట్రాంబోన్లను ముందుకు తేవాలి. ట్రంపెట్ పట్టుకునే జూనియర్ ఆర్టిస్టుకు వేళ్లు నేర్పించాలి, అందుకు ఒక పూట చాలు. ట్రంపెట్ సీ స్వరాన్ని సా అనుకుంటే, సా దగ్గర ఏ వాల్వూ నొక్కరు. రికి ఒకటి, మూడు. గకు ఒకటి, రెండు. మకు ఒకటి. పకు మళ్లీ ఏదీ లేదు. దకు ఒకటి, రెండు. నికి రెండోది. పై సాకు మూడు వేళ్లూ పైకే.