వాక్యం చదువుతూ కొరడా ఎత్తినవాళ్లు

1830ల మొదట్లో ఒక ఆగస్టు. అమెరికాలోని మేరీలాండ్‌లో, మెథడిస్టులనే ప్రొటెస్టెంట్ క్రైస్తవ శాఖవారి ప్రార్థన కూటాల్లో థామస్ ఆల్డ్ అనే యజమాని మారుమనస్సు పొందాడు. తర్వాత బానిసత్వాన్ని ఎదిరించిన రచయిత, వక్త ఫ్రెడరిక్ డగ్లస్‌గా లోకానికి తెలిసిన కుర్రాడు అప్పుడు అతని బానిస. ఇక మమ్మల్ని విడిచిపెడతాడు, కనీసం దయగానైనా చూస్తాడు అని ఆశపడ్డాడు. రెండూ జరగలేదు. ఇంట్లో మూడు పూటలా ప్రార్థనలు మొదలయ్యాయి, క్రూరత్వమూ పెరిగింది.

1845లో బోస్టన్‌లో అచ్చయిన డగ్లస్ ఆత్మకథలో ఒక దృశ్యం నన్ను వదలదు. హెన్నీ అనే యువతికి చిన్నప్పుడు నిప్పుల్లో పడి చేతులు పనికిరాకుండా పోయాయి. ఆల్డ్ ఆమెను పొద్దున్నే కట్టేసి కొట్టేవాడు. దుకాణానికి వెళ్లి, మధ్యాహ్నం భోజనానికి వచ్చి, ఆ పచ్చి గాయాల మీదే మళ్లీ కొట్టేవాడు. కొడుతూ లూకా సువార్త 12వ అధ్యాయం చెప్పేవాడు: యజమాని చిత్తమెరిగీ చేయని దాసునికి అనేకమైన దెబ్బలు తగులునని. డగ్లస్ ఇక్కడ కేకలు వేయడు. వాక్యాన్నీ దెబ్బనూ పక్కపక్కనే పెడతాడంతే. రోజూ బైబిలు చదివే అమెరికా ఉత్తరాది పాఠకుడికి ఆ వాక్యం కంఠతా వచ్చు. ఇక తప్పించుకోలేడు.

ఇది ఆల్డ్ ఒక్కడి పాపం కాదు. తోటి క్రైస్తవుణ్ణి బానిసగా ఉంచుకోవచ్చా అన్న టెన్షన్ యజమానులకు మొదట్లో ఉండేది. బాప్తిస్మం పొందినా బానిసత్వం పోదని 1667లో వర్జీనియా చట్టం చేసి దాన్ని తీర్చేసింది. 1784లో బాల్టిమోర్‌లో సమావేశమైన మెథడిస్టులు, సభ్యులు తమ బానిసలను విడుదల చేయాలని నియమం పెట్టారు. వ్యతిరేకత రాగానే, ఏడాది తిరక్కుండానే దాన్ని పక్కన పెట్టేశారు. అసలు ద్రోహం అక్కడ జరిగిందని నేను నమ్ముతాను. ఆ నియమాన్ని నిలబెట్టి ఉంటే ఆల్డ్‌కి ఆ సంఘంలో చోటెక్కడిది? చివరికి 1844లో ఒక బిషప్‌కే బానిసలున్నారన్న తగాదాతో మెథడిస్టు సంఘం చీలిపోయింది. మరుసటి ఏడాది మరో క్రైస్తవ శాఖ బాప్టిస్టులూ అంతే. డగ్లస్ పుస్తకం ఆ వేడిలోనే వచ్చింది.

తనను మతద్వేషి అనుకుంటారేమోనని డగ్లస్ చివర ఒక అనుబంధం చేర్చాడు. మొదట సంజాయిషీలా ఉంటుంది, నాలుగు వాక్యాలు దాటితే అది నేరారోపణ. క్రీస్తు మతం వేరు, ఈ దేశపు మతం వేరు, ఒకదాన్ని ప్రేమించేవాడు రెండోదాన్ని ద్వేషించక తప్పదంటాడు. ఆనాటి యూదుల మతబోధకులైన శాస్త్రులనూ పరిసయ్యులనూ యేసు గద్దించిన మత్తయి 23వ అధ్యాయాన్ని ఎత్తి, బానిసత్వాన్ని సమర్థించే అమెరికా బోధకుల మీదే పెడతాడు. బానిసల వేలం గంటా, చర్చి గంటా కలిసి మోగుతున్నాయని, గుండె పగిలిన బానిస ఏడుపు భక్తుడైన యజమాని కేకల్లో మునిగిపోతోందని రాస్తాడు.