ఇంగ్లీషులో మాయమ్మ ఎవరికి అమ్మ?

"మై మదర్ అని రాస్తే మా తమ్మునికి అమ్మ కానట్లు గదా సార్?"

అనంతపురంలో టవర్‌క్లాక్‌కు దగ్గర్లో సాయంత్రంపూట నేను ఇంగ్లీషు చెప్పే చోట ఆరో తరగతి పాప అడిగిన ప్రశ్న ఇది. 'అవర్ మదర్' అని రాసుకొచ్చింది, నేను 'మై' అని దిద్దాను. ఆ పాప తన తెలుగును తు.చ. తప్పకుండా పాటించింది. నా పెన్సిలు, నా చెయ్యి అంటాం గానీ అమ్మను, ఇంటిని, ఊరిని మామూలు మాటల్లో 'నా' అనం. ఒక్కగానొక్క బిడ్డ కూడా 'మాయమ్మ' అనే అంటాడు. అవి ఇంటిల్లిపాదివి. ఇంగ్లీషులో చెప్పేది ఒక్కరైతే 'మై'. 'అవర్ మదర్' అంటే వినేవాళ్ళు తోబుట్టువు ఎక్కడున్నారా అని చూస్తారు.

'అవర్'తో ఇంకో చిక్కుంది. "మా ఊరికి రండి" అంటే వినేవాళ్ళు పైఊరివాళ్ళు. "మన ఊళ్ళో వాన పడింది" అంటే వాళ్ళూ ఊరివాళ్ళే. వినేవారిని కలుపుకొనే మాట ఒకటి, వదిలేసే మాట ఒకటి. తమిళంలో నామ్, నాంగళ్ అని, ఇండోనేషియా భాషలో కీత, కామి అని ఈ తేడా ఉంది. ఇంగ్లీషుకు లేదు. రాయదుర్గం దాటితే వినబడే కన్నడంలోనూ ఇప్పుడు లేదు. 'నమ్మ ఊరు' అంటే మా ఊరూ అదే, మన ఊరూ అదే.

అదే కన్నడానికి తెలుగులో లేనిదొకటి ఉంది. మా అక్క వచ్చింది, బస్సు వచ్చింది, ఆవు వచ్చింది. మూడింటికీ మన క్రియ ఒక్కటే. కన్నడంలో అక్కకు 'బందళు', బస్సుకు 'బంతు'. తెలుగులో బహువచనానికి వచ్చేసరికి ఆడవాళ్ళు మగవాళ్ళతో కలిసి 'వచ్చారు' అవుతారు, బస్సులు మాత్రం 'వచ్చాయి'. ఒక్కరుగా ఉన్నప్పుడు వస్తువుల వరసలో, నలుగురుగా ఉన్నప్పుడు మనుషుల వరసలో నిలబెట్టే ఈ ఏర్పాటు నాకు ఎన్నిసార్లు తలుచుకున్నా వింతగానే ఉంటుంది.

ఇంగ్లీషు హి, షి లాగా ఆయప్ప, ఆయమ్మ అనే మాటలు మనకు లేక కాదు. కానీ వాటిని పలక్కుండానే పని జరిగిపోతుంది. "వచ్చినాడా?" "వచ్చినాడు." ఎవరన్నది చాలావరకు క్రియ తోకే చెప్పేస్తుంది. ఇంగ్లీషు 'కేమ్'కు ఆ తోక లేదు. బరువంతా హి, షి, ఇట్ మీదే పడుతుంది, వదిలేయడానికి లేదు. నోరు ఖాళీగా ఉంచే అలవాటున్న చోట ప్రతిసారీ ఒకదాన్ని ఏరుకోవాలి. పిల్లలు తడబడేది అక్కడే.

ఇంట్లో ఉర్దూ మాట్లాడే పిల్లల తడబాటు వేరు. 'ఉస్కా భాయి, ఉస్కీ బహెన్' అన్నప్పుడు కా, కీ మారేది చెల్లెలినో తమ్ముణ్ణో బట్టి. ఇంగ్లీషు చూసేది ఎవరి చెల్లెలు అన్నది: ఆమె రవి చెల్లెలైతే 'హిజ్ సిస్టర్' అనాలి. ఇక్కడ తెలుగు పిల్లలకు కాస్త సుళువు, 'వాని చెల్లెలు, వాని తమ్ముడు' అని మనకూ యజమానిదే లెక్క. 'మైన్' కూడా ఆట్టే కష్టపెట్టదు. పుస్తకం నాది, పుస్తకాలు నావి అని మనం మారుస్తాం, ఇంగ్లీషువాళ్ళు మార్చరు, అంతే.

'దాని' అని చెప్పే 'ఇట్స్' దగ్గర అపాస్ట్రఫీ, అంటే పైన పెట్టే కామాలాంటి గుర్తు, పెట్టాలా వద్దా అని తికమకపడే పిల్లల్ని చూస్తే నాకు కోపం రాదు. ఇంగ్లీషువాళ్ళకే అది కొత్త మాట. 1611 నాటి కింగ్ జేమ్స్ బైబిలు తొలి ముద్రణలో అది లేదు, వస్తువుక్కూడా చాలాచోట్ల 'హిజ్' అనే ఉంటుంది. వాడుకలోకొచ్చాక కూడా చాలాకాలం అపాస్ట్రఫీతోనే రాశారు. 'దే, దెయిర్' అయితే స్కాండినేవియా నుంచి వచ్చిన వైకింగుల భాష నుంచి చేరినవి. సర్వనామాల్లాంటి పునాది మాటలు ఒక భాష నుంచి ఇంకో భాషకు పోవడం అరుదు.

అందుకే ఇప్పుడు తప్పు దిద్దే ముందు, ఇంట్లో ఏం మాట్లాడతారని అడుగుతున్నాను. ఆ పాపకు మాత్రం, "నువ్వొక్కదానివే రాస్తే 'మై', తమ్ముడూ నువ్వూ కలిసి రాస్తే 'అవర్'" అని చెప్పాను. మరుసటి రోజు తమ్ముణ్ణి చెయ్యి పట్టుకొని తోడుకొచ్చింది.