టోర్నమెంట్‌కి ఆర్మీ లిస్టు: మా బరంపురం బల్లల దగ్గర వినిపించే అపోహలు, అసలు సంగతులు

మా గంజాం జిల్లాలో వార్‌హామర్ 40,000 ఆడేవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంత మందే. బరంపురంలో కొందరం ఉన్నాం. ఇచ్ఛాపురం నుంచి బస్సెక్కి వచ్చేవాళ్లు, వీలున్నప్పుడు పర్లాకిమిడి నుంచి వచ్చేవాళ్లు ఇంకొందరు. ఇంత తక్కువ మందిమైనా టోర్నమెంట్ అనగానే ప్రతి ఒక్కరి దగ్గరా ఒక లిస్టు, దాని వెనక నాలుగైదు గట్టి నమ్మకాలు బయటపడతాయి. ఆ నమ్మకాల వల్ల మంచి ఆటగాళ్లు కూడా ఓడిపోవడం చూస్తున్నాను కాబట్టి ఇది రాస్తున్నాను.

కొత్తవాళ్ల కోసం రెండు ముక్కలు. ఇంగ్లండ్‌కి చెందిన గేమ్స్ వర్క్‌షాప్ 1987లో తెచ్చిన ఆట ఇది. చిన్న ప్లాస్టిక్ బొమ్మల సైన్యం, డైస్, కొలిచే టేపు ఉంటే ఆడొచ్చు. కలిసి కదిలే బొమ్మల గుంపుని, లేదా ఒక్క బండిని, యూనిట్ అంటాం. ప్రతి యూనిట్‌కీ ఒక పాయింట్ల ధర ఉంటుంది. టోర్నమెంట్లలో సాధారణంగా ఒక్కొక్కరికి 2000 పాయింట్లు, బల్ల 44 అంగుళాలు బై 60 అంగుళాలు, ఆట 5 రౌండ్లు. ఒక్కో రౌండ్‌లో ఇద్దరికీ ఒక్కో టర్న్, ఆ టర్న్‌లో ఫేజ్‌లనే అంచెలు. ఆ 2000 పాయింట్లకి ఎవరెవరిని తీసుకెళ్తామో రాసుకున్న కాగితమే లిస్టు. కింద చెప్పే లెక్కలన్నీ 2023 జూన్‌లో వచ్చిన 10వ ఎడిషన్‌వి.

అపోహ: ఎదుటివాడి సైన్యాన్ని ఎక్కువ చంపే లిస్టే మంచి లిస్టు

అన్నిటికంటే ఎక్కువ నష్టం చేసేది ఈ నమ్మకమే. ముందు స్కోరు ఎలా వస్తుందో చూడండి. మొత్తం 100లో ఆబ్జెక్టివ్‌లు, అంటే బల్ల మీద గుర్తు పెట్టిన చోట్లు, పట్టుకున్నందుకు వచ్చే ప్రైమరీకి గరిష్ఠంగా 50, కార్డుల మీద వచ్చే సెకండరీ పనులకి గరిష్ఠంగా 40, సైన్యానికి రంగులు వేసి ఉంటే 10. శత్రువుని మొత్తం తుడిచిపెట్టినందుకు విడిగా బహుమతి ఏమీ లేదు. చంపడం పనికొస్తుంది. కానీ అది ఆబ్జెక్టివ్ ఖాళీ చేయించడానికి, మన వాళ్లని బతికించుకోవడానికి ఒక దారి, అంతే.

టేక్ అండ్ హోల్డ్ అనే మామూలు మిషన్ తీసుకోండి. మన చేతిలో ఉన్న ఒక్కో ఆబ్జెక్టివ్‌కి 5 పాయింట్లు, ఒక టర్న్‌లో 15 దాటవు. ఆ లెక్క రెండో రౌండ్ నుంచి, మన టర్న్ మొదట్లో వచ్చే కమాండ్ ఫేజ్ చివర చూస్తారు. అంటే ఈ టర్న్‌లో పరుగెత్తి ఆబ్జెక్టివ్ మీద నిలబడితే వెంటనే ఏమీ రాదు. ఎదుటివాడు తన టర్న్ మొత్తం మన మీద కాల్చి, ఛార్జ్ చేసి (మీదికి దూకి) ముగించాక కూడా మనవాళ్లు అక్కడ మిగిలి ఉండాలి. అప్పుడు పాయింట్లు. కాబట్టి లిస్టులో ప్రతి యూనిట్ గురించీ మొదట అడగాల్సింది “ఇది ఎంతమందిని చంపుతుంది?” అని కాదు. “అవతలివాడి ఒక టర్న్ తట్టుకుని నిలబడుతుందా? లేకపోతే, నిలబడే యూనిట్‌కి ఇది ఎలా సాయపడుతుంది?” అని.

ఇంకొకటి. ఆబ్జెక్టివ్ ఎవరిదో తేల్చేది బలం కాదు, ఆబ్జెక్టివ్ కంట్రోల్ అనే అంకె. మేం ఓసీ అంటాం. బరువైన కవచం తొడిగిన టెర్మినేటర్ ఒక్కడి ఓసీ 1. ఓర్క్‌లనే ఆకుపచ్చ రాక్షసుల దగ్గరుండే పిడికెడంత గ్రెచిన్ ఓసీ 2. ఐదుగురు టెర్మినేటర్లు, పది గ్రెచిన్‌లు ఒకే ఆబ్జెక్టివ్ మీద నిలబడితే 5కి 20. ఆబ్జెక్టివ్ గ్రెచిన్‌లదే. టెర్మినేటర్లు మరుసటి ఫేజ్‌లో వాళ్లని నలిపేయొచ్చు, నిజమే. కానీ లెక్క చూసే క్షణానికి నలిపి ఉండకపోతే ఆ 5 పాయింట్లు పోయినట్టే.

సెకండరీలకి కూడా ఇదే మాట. బిహైండ్ ఎనిమీ లైన్స్ లాంటి కార్డు వస్తే ఎవరో ఒకరు అవతలి వైపుకి వెళ్లాలి. క్లెన్స్ వస్తే ఎవరో ఒకరు ఆబ్జెక్టివ్ దగ్గర ఆగి, కాల్పులు మానేసి పని చేయాలి. ఆ పనికి మీ అత్యంత ఖరీదైన యూనిట్‌ని పంపాల్సి వస్తోందంటే మీ లిస్టులో చవక యూనిట్లు చాలలేదని అర్థం. నా లెక్కలో 2000 పాయింట్ల లిస్టుకి ఇలాంటి చిన్న యూనిట్లు రెండు మరీ తక్కువ. మూడు, నాలుగు ఉంటే ఊపిరాడుతుంది.

అపోహ: సగటు లెక్క కట్టి చూశాను, ఈ యూనిట్ చాలు

లెక్క కట్టడం మంచి అలవాటు, మానొద్దు. సగటు దగ్గరే ఆగిపోవడంతోనే చిక్కు.

ఒక ఉదాహరణ పూర్తిగా చేసి చూద్దాం. 3+కి, అంటే డైస్ మీద 3 లేదా ఎక్కువ పడితే, గురి తగిలే నాలుగు లాస్‌కెనన్లు (బండ్లని కొట్టే పెద్ద గన్‌లు) ఒక రైనో (సైనికుల్ని మోసే బండి) మీద కాలుస్తున్నాయి. లాస్‌కెనన్ స్ట్రెంగ్త్ (దెబ్బ బలం) 12, ఏపీ (కవచాన్ని చీల్చే శక్తి) -3, డ్యామేజ్ డి6+1 (ఒక డైస్ అంకెకి 1 కలిపి). రైనో టఫ్‌నెస్ (గట్టితనం) 9, సేవ్ (కవచం దెబ్బని ఆపే డైస్) 3+, ఊండ్స్ (ప్రాణం) 10. తగలడానికి 3+ కావాలి, అంటే మూడింట రెండు వంతులు. 12 కన్నా 9 తక్కువ కాబట్టి ఊండ్‌కి కూడా 3+, మళ్లీ మూడింట రెండు వంతులు. సేవ్ 3+ కాస్తా ఏపీ వల్ల 6+ అవుతుంది, కాబట్టి ఆరింట ఐదుసార్లు సేవ్ తప్పుతుంది. మూడూ గుణిస్తే ఒక్కో గుండు లోపలికి దిగే అవకాశం 27లో 10, అంటే 37 శాతం. దిగిన గుండు సగటున 4.5 ఊండ్స్ తీస్తుంది. నాలుగు గుళ్లకి సగటు దాదాపు 6.7.

“ఆరున్నర దాటింది, ఇంకొంచెం అదృష్టం ఉంటే పోతుంది” అని చాలామంది ఇక్కడ ఆగిపోతారు. కానీ ఆ 6.7 అనే ఫలితం బల్ల మీద ఎప్పుడూ రాదు. బల్ల మీద వచ్చేవి ఇవి: నాలుగూ వృథా అయ్యే అవకాశం 16 శాతం. ఒక్కటే దిగే అవకాశం 37 శాతం. ఈ రెండూ కలిపితే సగం కంటే ఎక్కువసార్లు మీరు రైనోకి గీత పెట్టి ఊరుకుంటారు. ఒకేసారి కాల్చిన ఈ నాలుగు గుళ్లతో రైనో పేలే అవకాశం 27 శాతం, అంటే దాదాపు నాలుగింట ఒకసారి. మీ ప్లాన్ మొత్తం “మొదటి టర్న్‌లో ఆ రైనో పోవాలి” అనే దాని మీద నిలబడి ఉంటే, నాలుగింట మూడుసార్లు ప్లాన్ కూలుతుంది.

అదే నాలుగు గన్‌లు ల్యాండ్ రైడర్ అనే ఇంకా మందమైన బండి మీద అయితే? టఫ్‌నెస్ 12, సేవ్ 2+, ఊండ్స్ 16. ఒక్కో గుండు దిగే అవకాశం 9లో 2. నాలుగు గుళ్లకి సగటు 4 ఊండ్స్. దాన్ని కూల్చాలంటే లిస్టులో ఇంకో రెండు, మూడు చోట్ల నుంచి సాయం రావాలి.

అందుకే నేను లిస్టు చూసేటప్పుడు ఒక్క ప్రశ్న అడుగుతాను: మందం బండ్లని కొట్టే పని ఎన్ని వేర్వేరు యూనిట్లు చేయగలవు? ఒక్కటే అయితే అవతలివాడు మొదటి టర్న్‌లోనే దాన్ని లేపేస్తాడు, ఆ తర్వాత మిగతా ఆటంతా చూస్తూ కూర్చోవాలి. జనం గుంపుని తుడిచే పనికి కూడా ఇదే ప్రశ్న. ఇంటర్‌సెసర్లు అనే మామూలు సైనికులు పదిమంది బోల్ట్ రైఫిళ్లతో 20 గుళ్లు ఓర్క్ బాయ్స్ (ఓర్క్‌ల మామూలు సైనికులు) మీద కాలిస్తే సగటున నలుగురు కూడా పడరు, 3.7. ఇరవైమంది బాయ్స్ వస్తుంటే ఆ మాత్రం ఏ మూలకి?

అపోహ: డీప్ స్ట్రైక్ చేసి ఛార్జ్ కొడితే పని అయిపోతుంది

డీప్ స్ట్రైక్ అంటే ఆట మధ్యలో యూనిట్‌ని నేరుగా బల్ల మీద దించడం. శత్రువుకి 9 అంగుళాల కంటే దూరంగా దిగాలి కాబట్టి ఛార్జ్‌కి రెండు డైస్ కలిపి కనీసం 9 పడాలి. 36లో 10 అవకాశాలు, 28 శాతం. కమాండ్ పాయింట్ ఖర్చు చేసి మళ్లీ వేస్తే 48 శాతం. అప్పటికీ సగం కాలేదు. రెండు యూనిట్లు దించి రీరోల్ లేకుండా రెండూ చేరాలని ఆశపడితే 8 శాతం. డీప్ స్ట్రైక్ విలువ వేరే చోట ఉంది. ఖాళీ మూలలో దిగి సెకండరీ చేయడానికి, అవతలివాడు వెనక ఒకరిని కాపలా పెట్టక తప్పని పరిస్థితి తేవడానికి దాన్ని మించింది లేదు.

అపోహ: పెద్ద టోర్నమెంట్‌లో గెలిచిన లిస్టు, మనకీ గెలిచి పెడుతుంది

“అన్నా, ఇది ఐదుకి ఐదు గెలిచిన లిస్టు, అచ్చం అదే కొన్నాను” అని ఇచ్ఛాపురం తమ్ముడొకడు ఎంతో సంబరంగా వచ్చాడు. ఆ సంబరం నాకు అర్థమవుతుంది. ఇక్కడ ఒక్కో పెట్టె కొనడానికి కుర్రాళ్లు ఎన్నాళ్లు డబ్బు దాచుకుంటారో తెలుసు. అందుకే కొనకముందే ఈ మూడు సంగతులు చూసుకోమంటాను.

మొదటిది తేదీ. గేమ్స్ వర్క్‌షాప్ మ్యూనిటోరమ్ ఫీల్డ్ మాన్యువల్ పేరుతో పాయింట్ల ధరలు మారుస్తూ ఉంటుంది, బ్యాలెన్స్ డేటాస్లేట్‌తో రూల్స్ కూడా సరిచేస్తుంది. రెండు మార్పుల కిందటి లిస్టు ఇవాళ 2000 దాటి ఉండొచ్చు, లేదా దాన్ని గెలిపించిన రూలే పోయి ఉండొచ్చు.

రెండోది టెర్రైన్, అంటే బల్ల మీది గోడలు, కట్టడాలు. దీన్ని ఎవరూ పట్టించుకోరు. శిథిల భవనం, అంటే రూయిన్, కింద అది ఆక్రమించే జాగా గీసి ఉంటుంది. ఆ గీతకి పూర్తిగా బయట ఇటు ఒకడు, అటు ఒకడు ఉంటే, మధ్యలో గోడ చిన్నదే అయినా మామూలుగా ఒకరినొకరు చూడలేరు. పెద్ద టోర్నమెంట్లలో ఇలాంటి రూయిన్‌లు బల్ల నిండా ఉంటాయి. మా దగ్గర థర్మోకోల్‌తో చేసిన ఎల్ ఆకారం గోడలు, ఫ్లెక్స్ షాపులో ప్రింట్ వేయించిన మ్యాట్. గోడల కింద జాగా గీయకపోతే బల్ల మైదానం అయిపోతుంది, దూరం నుంచి కాల్చే సైన్యాలే గెలుస్తాయి. అక్కడ చాటుచాటుగా వచ్చి గెలిచిన లిస్టు ఇక్కడ నడవదు. ఇక్కడ రాజ్యమేలే కాల్పుల లిస్టు భువనేశ్వర్‌కో విశాఖకో వెళ్తే ఎదుట ఎవరూ కనబడక గన్‌లు ఖాళీగా నిలబడతాయి. అందుకే పాత అట్టపెట్టెలు కోసి ప్రతి గోడ కిందా ఒక అట్ట పరచమని మావాళ్లని వదలకుండా అడుగుతున్నాను. ప్రాక్టీస్ నిజమైన ప్రాక్టీస్ కావాలంటే ముందు అది కావాలి.

మూడోది ఆడినవాడి చేయి. ఆ లిస్టుతో అతను ఎన్నో ఆటలు ఆడి ఉంటాడు. ఏ యూనిట్‌ని ఏ రౌండ్‌లో బలి ఇవ్వాలో అతనికి తెలుసు. లిస్టులో అది రాసి ఉండదు.

అపోహ: గెలుపు శాతం ఎక్కువున్న ఫ్యాక్షన్ తీసుకుంటే సగం గెలిచినట్టే

ఫ్యాక్షన్ అంటే ఓర్క్‌ల్లాంటి ఒక సైన్యం జాతి. దాని గెలుపు 45 నుంచి 55 శాతం మధ్య ఉంటే ఆ ఫ్యాక్షన్ ఆరోగ్యంగా ఉందని గేమ్స్ వర్క్‌షాప్ వాళ్లే అంటారు. 54 శాతం అంటే వంద ఆటల్లో సమానం కన్నా నాలుగు ఎక్కువ. మీ మూడు ఆటల టోర్నమెంట్‌లో ఆ తేడా కంటికి కూడా కనబడదు. మీ దగ్గర ఉన్న, రూల్స్ నోటికి వచ్చిన సైన్యంతోనే వెళ్లండి.

అపోహ: వెయ్యి పాయింట్ల లిస్టు అంటే రెండు వేల లిస్టులో సగం

కాదు. ఇది మాలాంటి చిన్న ఊళ్ల వాళ్లకి ముఖ్యం, ఎందుకంటే మాలో చాలామందికి వెయ్యి పాయింట్ల సైన్యమే ఉంది. వెయ్యిలో ఒక పెద్ద ట్యాంక్ పెడితే, దాన్ని కొట్టడానికి అవతలివాడి దగ్గర ఉండే పెద్ద గన్‌లు కూడా సగమే. ఆ ట్యాంక్ ఆట మొత్తం తిరిగేస్తుంది. కానీ దానికే పాయింట్లు పోశాక ఆబ్జెక్టివ్‌ల మీద నిలబడేవాళ్లు మిగలరు. రెండిట్లో ఏది ముందు అని ఆలోచించుకుని, వెయ్యికి విడిగా మళ్లీ మొదటి నుంచి కట్టండి.

అపోహ: రంగులు అందం కోసమే

10 పాయింట్లు. హోరాహోరీగా సాగిన ఆటలు చాలా వరకు అంతకన్నా తక్కువ తేడాతోనే తేలతాయి. ఒక్క జాగ్రత్త: మన సముద్రపు గాలిలో, వానల రోజుల్లో స్ప్రే ప్రైమర్ (రంగుకి ముందు వేసే పూత) కొడితే బొమ్మ మీద పొడిపొడిగా, గరుకుగా పడుతుంది. చలికాలం వరకు ఆగండి, లేదంటే బ్రష్‌తో వేసే ప్రైమర్ వాడండి.

అపోహ: టైమ్ సంగతి అక్కడ చూసుకోవచ్చు

2000 పాయింట్ల ఆటకి మూడు గంటలు ఇస్తే మీ వాటా గంటన్నర. అందులోనే బొమ్మలు పరచడం, ఐదు టర్న్‌లు ఆడటం. 120 బొమ్మల లిస్టులో ఒక్కో బొమ్మ జరపడానికి 5 సెకన్లు వేసుకున్నా ఒక టర్న్‌లో జరపడానికే 10 నిమిషాలు. చెస్ క్లాక్ పెట్టే చోట నాలుగో రౌండ్‌కే మీ గడియారం అయిపోతుంది. దానికి తోడు ఆ బొమ్మలన్నీ జనరల్ బోగీలో విరగకుండా చేరాలి. బొమ్మల అడుగున అయస్కాంతం అంటించి ఇనుప రేకు పెట్టెలో పెడితే కదలవు. అయినా గుంపు సైన్యం కట్టేముందు ఇంట్లో ఒకసారి గడియారం పెట్టుకుని ఆడి చూడండి.

అపోహ: రెండు ఆటలు ఓడితే లిస్టు మార్చేయాలి

డైస్ ఆటలో రెండు ఆటలు ఏ సంగతీ చెప్పవు. నోట్‌బుక్‌లో రాసుకుంటే చెబుతాయి. ప్రతి ఆట తర్వాత మూడు విషయాలు రాయండి: ఏ రౌండ్‌లో ఎన్ని ప్రైమరీ, ఎన్ని సెకండరీ వచ్చాయి, ఒక్కో యూనిట్ ఏ రౌండ్‌లో పోయింది, పోయేలోపు ఏం పని చేసింది. కాల్పుల సైన్యం, గుంపు సైన్యం, మందం బండ్ల సైన్యం, ఈ మూడు రకాల మీదా ఆడాక ఆ పేజీలు పక్కపక్కన పెట్టండి. ఏ పేజీలోనూ పని చేయని యూనిట్ ఒకటి కనబడుతుంది. దాన్ని మాత్రం మార్చండి. ఒకేసారి నాలుగు మారిస్తే ఏది పనిచేసిందో తెలియదు. రెండో రౌండ్ ప్రైమరీ ప్రతిసారీ 5 దగ్గరే ఆగిపోతోందంటే తప్పు గన్‌లది కాదు, మొదటి టర్న్‌లో మధ్యకి చేరేవాళ్లు లేరన్నమాట.

అపోహ: సరిగ్గా 2000 కావాల్సిందే

10వ ఎడిషన్‌లో ఆయుధాలకి విడిగా ధర లేదు, యూనిట్ల సైజులు కూడా ఖరారు. కాబట్టి 1985 పాయింట్ల దగ్గర ఆగిపోవడం మామూలే. ఆ 15 కోసం పనికొచ్చే యూనిట్‌ని తీసి పనికిరానిది పెట్టకండి. నిర్వాహకులకి పంపేముందు మాత్రం కొత్త ధరలతో ఒకసారి కూడి, వార్‌లార్డ్ (సేనాని) పేరు రాశారో లేదో, ఎన్‌హాన్స్‌మెంట్లు (నాయకులకి కొనే అదనపు శక్తులు) మూడు దాటాయో లేదో, ఒకే డేటాషీట్ (ఒకే రకం యూనిట్) మూడుసార్లకి మించి వచ్చిందో లేదో చూసుకోండి. బ్యాటిల్‌లైన్ (సైన్యానికి వెన్నెముకలాంటి మామూలు) యూనిట్లకీ, డెడికేటెడ్ ట్రాన్స్‌పోర్ట్‌లకీ (సైనికుల్ని మోసే బండ్లకీ) అయితే ఆరు వరకు ఉండొచ్చు. పంపే ముందురోజు సాయంత్రం ఎవరైనా తమ లిస్టు చూడమంటే చూస్తాను. చివరి గంటలో మాత్రం తేవద్దు, తప్పు దొరికినా సరిచేసే టైమ్ ఉండదు.