పంటి డాక్టరు దగ్గర “ఏం కాదులే” ఎందుకు పనిచేయదు

తిరుపతిలో ఏ డెంటల్ క్లినిక్‌లోనైనా సాయంత్రం పూట కాసేపు కూర్చుంటే ఒక మాట పదేపదే వినిపిస్తుంది: “ఏం కాదులే నాయనా.” అమ్మ అంటుంది, అవ్వ అంటుంది, చివరికి డాక్టరమ్మ కూడా అంటుంది. అన్నప్పుడల్లా పిల్లవాడు అమ్మ కొంగు ఇంకాస్త గట్టిగా పట్టుకుంటాడు. వాడి మొండితనం అనుకుంటాం గానీ ఇందులో తప్పు ఆ మాటది.

టీకాలు వేసేటప్పుడు, రక్తం తీసేటప్పుడు పెద్దలు ఏమన్నారు, ఆ వెంటనే పిల్లలు ఎలా ఉన్నారు అని అమెరికా, కెనడా పరిశోధకులు వీడియోలు తీసి మాటమాటా లెక్కగట్టారు. “ఏం కాదు, భయపడకు, అయిపోతుందిలే” లాంటి ఓదార్పు మాటల తర్వాత ఏడుపు తగ్గకపోగా పెరగడమే ఎక్కువగా కనిపించింది. ఏడుస్తున్నారు కాబట్టే ఓదార్చారేమో అన్న అనుమానం ఎవరికైనా వస్తుంది. అందుకని కొందరు తల్లిదండ్రులకు ఓదార్చడం, మరికొందరికి పిల్లల ధ్యాస మళ్లించడం ముందుగానే నేర్పి కూడా చూశారు. ధ్యాస మళ్లించిన వాళ్ల పిల్లలే నెమ్మదిగా ఉన్నారు.

ఆలోచిస్తే ఇందులో వింతేమీ లేదు. అన్నం తినేటప్పుడో బడికి పోయేటప్పుడో మనం “ఏం కాదులే” అనం. మోకాలు చీరుకుపోయినప్పుడు అంటాం, ఇంట్లో ఎవరికో బాగా లేనప్పుడు అంటాం. అనేటప్పుడు గొంతు సన్నగిల్లుతుంది, కళ్లలో కంగారు కనిపిస్తుంది. నాలుగేళ్ల పిల్ల మాటకన్నా ముందు మొహాన్ని చదువుతుంది. ఏదో అయ్యేట్టుంది కాబట్టే ఇలా అంటున్నారని తేల్చుకుంటుంది. ఆ క్షణంలో పిల్లకు కావలసినవి రెండు: ఏం జరగబోతోందో తెలియడం, అందులో తాను చేయగల పని ఒకటి ఉండడం.

అసలీ భయం ఎక్కడి నుంచి వస్తుంది? స్టాన్లీ రాక్‌మన్ అనే మనస్తత్వవేత్త 1977లో భయాలు అబ్బే దారులు మూడని చెప్పాడు. స్వయంగా నొప్పి అనుభవించడం ఒకటి, మరొకరు భయపడుతుంటే చూడడం రెండోది, వినడం మూడోది. మన ఇళ్లలో మూడో దారి బాగా నలిగింది. “అల్లరి చేస్తే డాక్టరు దగ్గరికి తీసుకుపోయి సూది వేయిస్తా చూడు” అని బెదిరించని ఇల్లు తిరుపతి చుట్టుపక్కల ఎన్ని ఉంటాయో చెప్పడం కష్టం. పాప అన్నం తినాలని అన్న మాట, రెండేళ్ల తర్వాత క్లినిక్ గుమ్మంలో తిరిగి మన మెడకే చుట్టుకుంటుంది. ఇక రెండో దారి. అమ్మకు పంటి డాక్టరంటే భయముంటే పిల్లలకూ ఉండే అవకాశం ఎక్కువని పరిశోధనలు చాలాకాలంగా చెబుతున్నాయి. అలాంటప్పుడు నాన్నో పిన్నో వెంట వెళ్లడం మేలు. ఇందులో నామోషీ ఏమీ లేదు.

మొదటి దారి దగ్గర కాస్త ఆగాలి. మన ఊళ్లో పిల్లను పంటి డాక్టరుకు మొదటిసారి చూపించేది ఎప్పుడు? రాత్రంతా పుప్పి పన్ను సలిపి, బుగ్గ వాచి, ఇంటిల్లిపాదికీ నిద్ర లేకపోయాక. అంతదాకా లవంగం నూనె, ఉప్పునీళ్లు, “పాల పళ్లే కదా, ఊడిపోతాయిలే” అన్న ధీమా. వెనక దవడ పాల పళ్లు పదేళ్లకు, పన్నెండేళ్లకు గానీ ఊడవు. అంతవరకు అన్నం నమలాల్సింది వాటితోనే.

అలా వాచిన పంటితో వెళ్తే రసాయనశాస్త్రం కూడా మనకు ఎదురు తిరుగుతుంది. మత్తు సూదిలో ఉండే లిగ్నొకెయిన్ నరం పొరను దాటి లోపలికి పోయి, సోడియం ద్వారాలను మూసేస్తుంది. దాంతో నొప్పి కబురు మెదడు దాకా పోదు. ఆ పొరను దాటగలిగేది విద్యుదావేశం లేని అణువులు మాత్రమే. చీము పట్టి వాచిన చోట ఆమ్లత్వం పెరిగి, అలాంటి అణువులు తగ్గిపోతాయి. అందుకే వాచిన పంటికి మత్తు సరిగా ఎక్కకపోవచ్చు. అంటే ఏమీ తెలియని పిల్ల, నిద్ర లేని పిల్ల, నొప్పితో ఉన్న పిల్ల, మత్తు సరిగా పనిచేయని రోజు చూసుకుని మొదటిసారి ఆ కుర్చీ ఎక్కుతోంది. ఆ రోజు గుర్తుండిపోతే పిల్ల తప్పా?

దీనికి విరుగుడు ఉంది. ఒక చోటు మనకు ముందు నుంచీ మామూలు చోటుగా తెలిసి ఉంటే, తర్వాత అక్కడ ఒకసారి నొప్పి కలిగినా దానికీ నొప్పికీ అంత త్వరగా ముడి పడదు. దీన్ని మనస్తత్వశాస్త్రంలో లేటెంట్ ఇన్హిబిషన్ అంటారు. ఏ పనీ చేయించుకోకుండా, ఊరికే పళ్లు లెక్కపెట్టించుకుని వచ్చిన రెండు మూడు సందర్శనలు ఆ పిల్లకు రక్షణగా నిలుస్తాయి. మొదటి పన్ను వచ్చేది దాదాపు ఆరో నెలలో. పుట్టినరోజు తిరిగి వచ్చేలోపు ఒకసారి పంటి డాక్టరుకు చూపించమని అమెరికా పిల్లల దంతవైద్యుల అకాడమీ చెబుతుంది. ఏడాది పిల్లకేం చూస్తారని నవ్వేవాళ్లున్నారు. చూస్తారు. అమ్మా డాక్టరూ మోకాళ్లు ఆనించుకుని ఎదురెదురుగా కూర్చుంటారు. పిల్ల అమ్మ వైపు ముఖం పెట్టి, తల మాత్రం డాక్టరు ఒళ్లో ఉండేలా పడుకుంటుంది. ఏడ్చినా ఫర్వాలేదు, ఏడిస్తే నోరు బాగా తెరుచుకుంటుంది.

ఇక్కడ తిరుమల ప్రస్తావన రాక తప్పదు. కల్యాణకట్టలో పుట్టువెంట్రుకలు తీయించేటప్పుడు పిల్ల తల కదలకుండా గట్టిగా పట్టుకుంటాం. మేనమామ ఒళ్లో చెవులు కుట్టించేటప్పుడూ అంతే. గుక్కపట్టి ఏడుస్తుంది, కాసేపటికి లడ్డు తింటూ నవ్వుతుంది. అది చూసి పంటి దగ్గర కూడా పట్టుకుని కానిచ్చేస్తే సరిపోతుందనుకుంటాం. కానీ గుండు పని నిమిషాల్లో అయిపోతుంది, మళ్లీ వచ్చే వారం రమ్మనరు. పంటి వైద్యం అలా కాదు, ఒక్క పన్ను బాగుచేయడానికే రెండుసార్లు పిలవొచ్చు. ఈసారి కాళ్లూ చేతులూ పట్టుకుని పని కానిస్తే వచ్చేసారి గేటు దగ్గరే పోరు మొదలవుతుంది. ఒకప్పుడు దంతవైద్య పాఠ్యపుస్తకాలే అరిచే పిల్లల నోరు చేత్తో మూసి లొంగదీయమని నేర్పాయి. అమెరికా అకాడమీ తన మార్గదర్శకాల నుంచి ఆ పద్ధతిని తీసేసింది 2006లో మాత్రమే.

దాని బదులు వాడేది పాత పద్ధతే. 1959లో అడెల్‌స్టన్ అనే అమెరికన్ దంతవైద్యుడు మూడు ముక్కల్లో చెప్పాడు: చెప్పు, చూపించు, చెయ్యి. ముందు పిల్లకు తెలిసిన మాటల్లో చెప్పాలి. తర్వాత ఆ పనిముట్టును అరచేతి మీదో గోటి మీదో ఆడించి చూపించాలి. ఆపైన చెప్పింది చెప్పినట్టే చేయాలి. చెప్పనిది చేయకూడదు. మూడో ముక్క తప్పితే మొదటి రెండూ గాలికి పోతాయి. పన్ను తొలిచే మిషన్‌ను నీళ్లు చల్లే పంపు అనవచ్చు, నిజంగానే అది నీళ్లు చల్లుతుంది. నిమిషానికి మూడు నాలుగు లక్షల చుట్లు తిరిగే ఆ టర్బయిన్ పన్ను వేడెక్కకుండా నీళ్లు చిమ్ముకుంటూ పనిచేస్తుంది. ఆ కీచుమనే శబ్దం ముందే ఒకసారి ఖాళీగా వినిపిస్తే సగం బెదురు అక్కడే తగ్గుతుంది. వాసన సంగతీ చెప్పాలి. క్లినిక్ వాసన అని మనం పోల్చుకునేదాంట్లో ఎక్కువ భాగం యూజెనాల్‌ది. మన లవంగాల్లో ఉండేదీ అదే, పళ్లకు వాడే సిమెంటులో కలుపుతారు. వాసన కబురు మెదడులో భయాన్ని పసిగట్టే అమిగ్డాలాకు చాలా దగ్గరి దారిలో పోతుంది. పిల్ల గుమ్మంలోనే ఆగిపోవడానికి అదీ ఒక కారణం కావచ్చు. “పోపుల పెట్టె వాసన కదూ?” అని నవ్వుతూ అడిగి చూడండి.

సూది విషయంలో అబద్ధం వద్దు. “సూది వేయరు” అని తీసుకొచ్చి వేయిస్తే, పిల్ల డాక్టరును ఒక్కరినే కాదు, అమ్మను కూడా నమ్మడం మానేస్తుంది. అలాగని సూది గురించి ముందు రోజు రాత్రి పాఠం చెప్పనక్కర్లేదు. “పన్ను నిద్రపోవడానికి మందు పెడతారు, చీమ కుట్టినట్టు ఉండొచ్చు, నువ్వు పది లెక్కపెట్టేలోపు తగ్గిపోతుంది” అంటే చాలు. ఆ మందు పెట్టడంలో డాక్టరు చేతి నేర్పు చాలా ఉంది. ముందు చిగురు మీద మత్తు జెల్ రాసి ఒకటి రెండు నిమిషాలు ఆగాలి. సూది మందు కాస్త ఆమ్లగుణం గలది, కాబట్టి మంట పెడుతుంది. నెమ్మదిగా ఎక్కిస్తే ఆ మంట బాగా తగ్గుతుంది. ఎక్కిస్తూ బుగ్గను పట్టుకుని ఊపే డాక్టర్లను చూసే ఉంటారు. అది అలవాటుగా చేసే పని కాదు. స్పర్శ కబుర్లు తీసుకుపోయే లావు నరాలు చురుగ్గా ఉంటే, వెన్నుపాము దగ్గర, ముఖానికి సంబంధించి మెదడు మొదట్లో, నొప్పి కబుర్లకు తలుపు ఓరగా మూసుకుంటుందని మెల్జాక్, వాల్ అనే శాస్త్రవేత్తలు 1965లో ప్రతిపాదించిన సిద్ధాంతం చెబుతుంది. దెబ్బ తగిలిన చోట మనం రుద్దుకోవడం వెనకా ఇదే ఉంది.

మత్తు ఎక్కాక కూడా పిల్ల “నొప్పి” అంటే అబద్ధమాడుతోందని కోప్పడకూడదు. నొప్పి నరాలు మూగబోయినా ఒత్తిడి తెలుస్తూనే ఉంటుంది. అయిదేళ్ల పిల్లకు ఆ రెంటికీ తేడా తెలియదు. “ఇప్పుడు తోసినట్టు ఉంటుంది, గుచ్చినట్టు ఉండదు” అని ముందే చెప్పే డాక్టరు దొరికితే వదులుకోకండి. నిజంగానే మత్తు చాలకపోతే ఇంకాస్త ఇవ్వడమే న్యాయం.

చేయి ఎత్తితే ఆపుతాననే ఒప్పందం అన్నిటికన్నా విలువైందని నా అభిప్రాయం. పిల్లలు దాన్ని రెండు మూడుసార్లు పరీక్షించి చూస్తారు, ఎత్తగానే పని ఆగిందా లేదా అని. ఆగితే ఆ తర్వాత ఎత్తడం చాలావరకు మానేస్తారు. ఆగకపోతే ఒప్పందం పెట్టుకోకపోవడమే నయం. ధ్యాస మళ్లించడమంటే ఫోన్ చేతికిచ్చేయడం మాత్రమే అనుకోవద్దు. టీవీ, పాటలు పనిచేస్తాయి, పొట్ట మీద బొమ్మ పెట్టి అది పైకీ కిందికీ ఊగేలా ఊపిరి పీల్చమనడమూ పనిచేస్తుంది.

ఇంట్లో చేసుకోవలసిన తయారీ ఆటే. పిల్ల డాక్టరు, నాన్న పేషెంటు. చెంచాతో నాన్న పళ్లు లెక్కపెట్టడం, నాన్న చేయి ఎత్తితే ఆపడం. గంగమ్మ జాతరలో బొగ్గు పూసుకున్న వేషాన్ని చూసి దడుచుకున్న పిల్లే మరుసటి ఏడు తానే వేషం కట్టి వీధిలో తిరగడం తిరుపతి వాళ్లకు తెలియనిది కాదు.

కొన్ని పళ్లకు ఇదంతా అవసరమే రాదు. పుచ్చు ఇంకా లోతుగా పోకపోతే సిల్వర్ డయమీన్ ఫ్లోరైడ్ అనే మందు చుక్క పూసి దాన్ని అక్కడికక్కడ ఆపవచ్చు. డ్రిల్లు లేదు, సూది లేదు. పూసిన చోట పన్ను నల్లబడుతుంది, అదొక్కటే చిక్కు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో దీన్ని అత్యావశ్యక మందుల జాబితాలో చేర్చింది. దవడ పాల పళ్లకు తొలవకుండానే స్టీలు క్యాప్ తొడిగే హాల్ పద్ధతి స్కాట్లాండ్‌లో పుట్టింది. మీ డాక్టరును ఈ రెంటి గురించి అడగవచ్చు. పిల్లల పళ్ల వైద్యం విడిగా ఒక స్పెషాలిటీ, బీడీఎస్ తర్వాత మూడేళ్ల ఎండీఎస్ చదువు. డెంటల్ కాలేజీల్లో దానికి ప్రత్యేక విభాగం ఉంటుంది.

పని అయ్యాక రెండు జాగ్రత్తలు. పెదవి రెండు మూడు గంటలు మొద్దుబారి ఉంటుంది. పిల్లలు వింతగా ఉందని దాన్ని కొరుక్కుని పుండు చేసుకుంటారు. అంతవరకు ఇడ్లీ అయినా ఆపండి. రెండోది జ్ఞాపకం. భయస్తులైన పిల్లలకు నొప్పి జరిగినదానికన్నా పెద్దదిగా గుర్తుంటుంది. ఇంటికి రాగానే అవ్వ “చాలా నొప్పి పెట్టిందా బంగారూ?” అని అడిగితే ఆ జ్ఞాపకానికి నీళ్లు పోసినట్టే. దాని బదులు “నోరు అంతసేపు ఎలా తెరిచి పెట్టావు? అవ్వకు చూపించు” అని అడగాలి. పిల్ల నిజంగా చేసిన పనులను ఇలా గుర్తుచేస్తే తర్వాతిసారి భయం తగ్గుతుందని దంతవైద్యంలోనే పరీక్షించి చూశారు.

ఇవన్నీ చేసినా కుర్చీ ఎక్కలేని పిల్లలుంటారు. ఆటిజం ఉన్నవాళ్లు, పెద్ద ఆసుపత్రుల్లో చాలాకాలం గడిపినవాళ్లు, ఏ కారణమూ కనిపించకుండా భయపడేవాళ్లు. వాళ్లకు ముక్కు దగ్గర మాస్కు పెట్టి నైట్రస్ ఆక్సైడ్ ఇచ్చే వీలుంది. 1844లో హొరేస్ వెల్స్ అనే దంతవైద్యుడు ఆ గ్యాస్ పీల్చి తన పన్నునే పీకించుకున్నాడు. పిల్ల మెలకువగానే ఉంటుంది, ఆక్సిజన్ ఇచ్చిన కొద్ది నిమిషాల్లో తేరుకుంటుంది. చాలా పళ్లు ఒకేసారి బాగుచేయాలంటే ఆపరేషన్ థియేటర్లో, మత్తు డాక్టరు పర్యవేక్షణలో పూర్తి మత్తు ఇస్తారు. అది తల్లి పెంపకానికి మచ్చేమీ కాదు. ఖర్చు, రిస్కు, ఎన్ని పళ్లు, ఎంత అత్యవసరం అన్నవి డాక్టరుతో కూర్చుని మాట్లాడి తేల్చుకోవలసిన లెక్క అది.