సముద్రపు నాచుతో దారం: సిరంజి చాలు, బోరు నీళ్లు మాత్రం వద్దు

గోధుమరంగు నాచుల కణాల గోడల్లో ఆల్జినేట్ అనే జిగురు ఉంటుంది. దారం తీసేది దీనితోనే. విశాఖ తీరపు రాళ్ల మీద పెరిగే సర్గాసం కూడా ఆ జాతిదే. అయితే నాచును సోడాలో ఉడికించి ఆ జిగురు తీసే పని మీ సైన్సు ప్రాజెక్టులో పెట్టుకోకండి. వడకట్టేటప్పుడు గుడ్డ రంధ్రాలు మూసుకుపోయి ఓపికంతా అక్కడే అయిపోతుంది. బట్టల మీద అద్దకం రంగు చిక్కబడటానికి వాడే సోడియం ఆల్జినేట్ పొడి కొనడం మేలు.

98 మి.లీ. డిస్టిల్డ్ వాటర్‌ను గిలక్కొడుతూ 2 గ్రాముల పొడిని చిటికెడు చిటికెడుగా చల్లాలి. ఒక్కసారే పోస్తే పైన తడిసి లోపల పొడిగా ఉండ కడుతుంది. ఆ ఉండలు ఇక ఓ పట్టాన విడవవు. బోరు నీళ్లయితే అందులోని కాల్షియం వల్ల ద్రావణం ముందే గడ్డలు కట్టొచ్చు. కలిపాక రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచాలి. నురగ బుడగలు మిగిలితే పోగు సరిగ్గా అక్కడే తెగుతుంది.

ట్రేలో అర లీటరు నీళ్లు పోసి 25 గ్రాముల కాల్షియం క్లోరైడ్ కరిగించాలి. ఇది కరుగుతుంటే నీళ్లు వేడెక్కుతాయి, చల్లారనివ్వాలి. కళ్లద్దాలు పెట్టుకుని, మొన లేని 18 గేజ్ సూది బిగించిన సిరంజిలో ఆల్జినేట్ ద్రావణం నింపి, సూది కొసను ఈ నీళ్లలో ముంచి నెమ్మదిగా నొక్కుతూ జరపాలి. ఆల్జినేట్ అణువుల పొడవాటి గొలుసులకు అంటుకున్న సోడియాన్ని నెట్టేసి కాల్షియం ఆ చోట కూర్చుంటుంది. సోడియం ఒక్క గొలుసునే పట్టుకోగలదు, కాల్షియం రెండింటిని కలిపి పట్టుకుంటుంది. అందుకే జారే ద్రవం అప్పటికప్పుడే పోగవుతుంది. మధ్యలో ఆగితే సూది కొసలోనూ ఇదే జరిగి దారి పూడుకుపోతుంది. అప్పుడు గట్టిగా నొక్కితే సూది ఊడి ఎగిరిపోతుంది. ఆగాల్సి వస్తే సూదిని బయటికి తీసి తుడవండి.

ఐదు నిమిషాల తర్వాత పోగును మంచినీళ్లలో కడగాలి. కాల్షియం క్లోరైడ్ మిగిలితే గాలిలోని తేమను పీల్చి జిడ్డుగా ఉంటుంది. తర్వాత పది శాతం గ్లిజరిన్ నీళ్లలో కాసేపు ముంచి, కింద చిన్న బరువు కట్టి ఆరబెట్టాలి. గ్లిజరిన్ లేకపోతే పెళుసెక్కి విరుగుతుంది, బరువు లేకపోతే మెలికలు తిరుగుతుంది. లెక్క ప్రకారం 10 మి.లీ.కు దాదాపు 18 మీటర్లు రావాలి. కానీ అందులో 98 పాళ్లు నీళ్లే కాబట్టి ఆరాక వెంట్రుకంత మిగులుతుంది.

ఇప్పుడు అసలు పరీక్ష. ఒక ముక్కను వాషింగ్ సోడా నీళ్లలో వేయండి. పోగులోని కాల్షియం సోడాతో కలిసి కార్బొనేట్‌గా మారి విడిపోతుంది, పోగు ఉబ్బి, జారి, కరిగిపోతుంది. ఉతికితే కరిగే గుడ్డ చొక్కాకు ఏం పనికొస్తుంది? గాయాల మీద వేసే కట్టుకు పనికొస్తుంది. గాయం తడిని పీల్చి, ఉబ్బి జెల్లీలా మారుతుంది, ఆసుపత్రుల్లో ఆల్జినేట్ పోగులు వాడేది అందుకే. నాచు బట్టల పేరుతో అమ్మేవాటిలో చాలావరకు కలప సెల్యులోజే, నాచు పొడి కొద్దిగా ఉంటుంది. మీ చార్టులో ఈ తేడా రాయండి.

నేతకు ఒంటి పోగు ఆగదు. పది పోగులు కలిపి పురి పెట్టి, అట్టముక్క మగ్గం మీద పడుగుకు నూలు, పేకకు నాచు దారం వేస్తే అరచేతంత గుడ్డ వస్తుంది.