పైన కట్టలు, కింద మురుగు: మూసీ నేపథ్యం

హైదరాబాద్‌లో మూసీ నది ప్రక్షాళన మాట ఎత్తగానే చర్చ చాదర్‌ఘాట్ బస్తీల మీదికి మళ్లుతుంది. ఏ ఇల్లు నదిలో ఉంది, ఎవరికి పట్టా ఉంది, ఎవరిని ఎక్కడికి పంపాలి? అసలు నదికి సొంత నీళ్లు ఎందుకు లేకుండా పోయాయో మాత్రం అడిగేవాళ్లు తక్కువ.

వికారాబాద్ దగ్గరి అనంతగిరి కొండల్లో పుట్టి, నల్లగొండ జిల్లా వాడపల్లి దగ్గర కృష్ణలో కలిసే వానాధారపు నది ఇది. ముసురు పట్టిందంటే ఉరకలెత్తుతుంది, ఎండాకాలంలో సన్నటి పాయగా మిగులుతుంది. 1578లో ఇబ్రహీం కులీ కుతుబ్‌షా దీని మీద పురానాపూల్ కట్టించాడు. 1591లో దక్షిణపు ఒడ్డున చార్మినార్, దాని చుట్టూ నగరం వెలిశాయి.

1908 సెప్టెంబరు 28న కుండపోతకు ఎగువన చెరువుల కట్టలు ఒకదాని వెంట ఒకటి తెగాయి. సుమారు 15 వేల మంది కొట్టుకుపోయారని అంచనా. అఫ్జల్‌గంజ్‌లో ఒక చింతచెట్టు ఎక్కి 150 మంది దాకా ప్రాణాలు దక్కించుకున్నారు. ఆ చెట్టు ఇప్పుడు ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఉంది.

నిజాం ప్రభుత్వం పిలిపించిన మోక్షగుండం విశ్వేశ్వరయ్య, వరదను నగరానికి ఎగువనే ఆపాలన్నారు. అలా 1920లో మూసీ మీద ఉస్మాన్‌సాగర్, అంటే మన గండిపేట, 1927లో దాని ఉపనది ఈసీ మీద హిమాయత్‌సాగర్ వచ్చాయి. అవి ఊరిని కాపాడాయి, తరాల దాహం తీర్చాయి. అందులో సందేహం లేదు. కానీ గేట్లు ఎత్తిన రోజుల్లో తప్ప నది నీళ్లు కిందికి రావడం మానేశాయి. ఖాళీ అయిన ఆ దారిలోకి మురుగు చేరింది. ఇవాళ నాగోలు వంతెన కింద మండువేసవిలోనూ పారేది అనంతగిరి నీరు కాదు. కృష్ణా, గోదావరి, మంజీరల నుంచి పైపుల్లో వచ్చి, మన వంటిళ్లూ స్నానాల గదులూ దాటి నాలాల్లో పడ్డ నీరు.

ఆ నీటినీ వాడుకునేవాళ్లున్నారు. పీర్జాదిగూడ, పర్వతాపురం వైపు దాంతో గడ్డి పెంచుతారు. మోకాలి లోతు తడిలో వంగి కొడవళ్లతో కోసిన గడ్డి మోపులు నగరంలోని బర్రెల కొట్టాలకు చేరతాయి. ఇంకా దిగువన కత్వల నుంచి, అంటే నదికి అడ్డంగా కట్టిన చిన్న ఆనకట్టల నుంచి, కాలువలు చీలి చెరువులు నిండుతాయి, వరి పండుతుంది. నురగ తేలే ఆ కాలువల్లో దిగి పనిచేసే రైతుల ఒంటి దురదలు ఏ సుందరీకరణ బొమ్మలోనూ కనపడవు.

జంట జలాశయాల చుట్టూ 10 కిలోమీటర్ల మేర నిర్మాణాలను కట్టడి చేసిన 111 జీవో 1996లో వచ్చింది. ఆ ఆంక్షలు ఎత్తేస్తూ 2022లో మరో ఉత్తర్వు వెలువడింది. 2020 అక్టోబరులో వరద బస్తీలను ముంచింది, 2025 సెప్టెంబరులో నది నడుమనున్న మహాత్మాగాంధీ బస్‌స్టేషన్‌లోకే చొరబడింది. నదిగర్భంలో ఎవరూ ఉండకూడదన్న మాట నిజమే. అయితే అది బస్తీ పేదలకు ఎంత వర్తిస్తుందో, ప్రభుత్వ కట్టడాలకూ పెద్దల లేఅవుట్లకూ అంతే వర్తించాలి. నాలాల మురుగంతా శుద్ధి కాకముందే ఒడ్డున నడకదారులు వేయడం తలకిందుల పని. శుద్ధి చేసిన నీటిలో కత్వల కింది ఆయకట్టుకు వాటా ఎంతో కూడా ప్రణాళికలోనే రాసి ఉండాలి.