ప్లేటులో కణాలు చచ్చిపోతే మందు దొరికినట్టేనా? ఆర్గానోమెటాలిక్ రసాయనాలపై అపోహలు - వాస్తవాలు

రుథేనియం అనే లోహంతో సమ్మేళనాలు తయారుచేసి క్యాన్సర్ కణాల మీద పరీక్షకు పంపడం నా పని. బంధువుల దగ్గరా, కొత్తగా ల్యాబ్‌లో చేరిన పిల్లల దగ్గరా తరచూ వినే మాటలివి.

అపోహ: క్యాన్సర్‌కు వాడే సిస్‌ప్లాటిన్ ఆర్గానోమెటాలిక్ మందు.

కాదు. లోహానికి, కార్బన్‌కు మధ్య నేరుగా బంధం ఉంటేనే ఆ పేరు. సిస్‌ప్లాటిన్‌లో ప్లాటినం చుట్టూ ఉన్నవి రెండు క్లోరైడ్లు, రెండు అమోనియాలు. కార్బన్ ఒక్కటీ లేదు.

అపోహ: లోహం ఉందంటే విషమే.

తిమ్మిర్లకు డాక్టర్లు రాసే మిథైల్‌కోబాలమిన్ మాత్రలో కోబాల్ట్-కార్బన్ బంధం ఉంది. అంటే మీ ఇంట్లోనే ఒక ఆర్గానోమెటాలిక్ ఉండొచ్చు! మరోవైపు, గ్లోవ్ మీద పడిన కొద్ది చుక్కల డైమిథైల్ మెర్క్యురీ కెరెన్ వెటర్‌హాన్ అనే అమెరికన్ రసాయన శాస్త్రవేత్తను 1997లో బలి తీసుకుంది. లోహం పేరు ఒక్కటే చూసి ఏమీ తేల్చలేం. సిస్‌ప్లాటిన్‌లో ఉన్నవే ట్రాన్స్‌ప్లాటిన్‌లోనూ ఉన్నాయి, అమరిక మాత్రమే వేరు. అది కణితుల మీద దాదాపు పనిచేయదు.

అపోహ: ఐసీ50 తక్కువ వస్తే మందు దొరికినట్టే.

ఐసీ50 అంటే బతికున్న కణాలను సగానికి తగ్గించే గాఢత. బ్లీచింగ్ పౌడర్ వేసినా కణాలు చస్తాయి. ఆరోగ్యకరమైన కణాల మీద అదే పరీక్ష చేయకుండా ఆ అంకె చూసి మురిసిపోవడం అనవసరం.

అంతకంటే పెద్ద చిక్కు ఒకటుంది. మా సమ్మేళనాల్లో చాలావరకు నీళ్లలో కరగవు, డీఎంఎస్ఓ అనే ద్రావకంలో కరిగిస్తాం. అదేమో ఊరుకోదు, లోహానికి తానే అంటుకుంటుంది. సిస్‌ప్లాటిన్‌లోని క్లోరైడును తోసేసి దాని శక్తిని దెబ్బతీస్తుంది. పోలిక కోసం పెట్టే సిస్‌ప్లాటిన్‌ను కూడా డీఎంఎస్ఓలోనే కరిగించి, "మాది సిస్‌ప్లాటిన్ కంటే మేలు" అని రాసిన పేపర్లు ఉన్నాయి. అందుకే నేను ఫలితాల టేబుల్ కంటే ముందు ప్రయోగ విధానం చదువుతాను.

క్లోరైడ్ ఊడటం అన్నివేళలా చెడ్డదీ కాదు. రక్తంలో క్లోరైడ్ ఎక్కువ కాబట్టి సిస్‌ప్లాటిన్ చాలావరకు నిలబడుతుంది. కణంలో అది తక్కువ. అక్కడ క్లోరైడ్ స్థానంలో నీరు చేరుతుంది, ఆపైన ప్లాటినం డీఎన్‌ఏను పట్టుకుంటుంది. ఊడాల్సిన చోట ఊడాలి, అంతే. టైటానియం ఉన్న టైటానోసీన్ డైక్లోరైడ్‌కు ఆ అదృష్టం లేదు. 1979లో ఎలుకల మీద ఆశ పుట్టించింది, మనుషుల మీద పరీక్షల దాకా వెళ్లింది. కానీ నీళ్లలో నిలకడ లేదు, రోగుల్లో ఆశించినంత ఫలితమూ రాలేదు. పక్కన పెట్టేశారు.

అపోహ: ఇదంతా గాలి చొరబడని గ్లోవ్‌బాక్సులోనే చేయాలి.

కొన్నింటికి తప్పదు. లోహానికి బెంజీన్ లాంటి వలయం అతికిన రుథేనియం-ఎరీన్ సమ్మేళనాలకు మాత్రం అంత హంగామా అక్కర్లేదు. రుథేనియం ట్రైక్లోరైడ్‌ను ఆల్ఫా-ఫెలాండ్రీన్‌తో కలిపి ఇథనాల్‌లో రిఫ్లక్స్ చేస్తే (ఆవిరి పోకుండా మరిగిస్తే) ఎర్రటి డైమర్, అంటే రెండు రుథేనియాలున్న జంట అణువు వస్తుంది, గాలి తగిలినా పాడవదు. అసలు టెన్షన్ శుద్ధి దగ్గరే. లోహానికి తగిలించే అణువు, అంటే లిగాండ్, కాస్త మిగిలిపోయినా, కణాలను చంపింది అదో, లోహ సమ్మేళనమో తెలియదు. అందుకే లిగాండ్‌ను విడిగా కూడా పరీక్షకు పంపాలి. ఆ వరుస లేని టేబుల్‌ను నేను నమ్మను.